2007 మేజర్ డీఐకి టర్బో: ఇంజిన్ తట్టుకుంటుందా, ముందు ఏం మార్చాలి?

ఘాట్‌రోడ్డు_మేజర్ (ప్రశ్న)

బండి 2007 మహీంద్రా మేజర్, ఫోర్ బై ఫోర్. ఇంజిన్ 2,523 సీసీ ఎండీఐ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చల్లే రకం), టర్బో (ఎగ్జాస్ట్‌తో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కే పరికరం) లేని మామూలు డీజిల్. విశాఖ నుంచి అరకు, పాడేరు వైపు నలుగురితో, సామానుతో తిరుగుతుంది. ఎస్.కోట దాటి ఘాట్ మొదలైందంటే థర్డ్ గేర్ నిలవదు, సెకండ్‌లోకి దించాల్సిందే. అనంతగిరి చేరేసరికి టెంపరేచర్ ముల్లు ముప్పావు దాటుతోంది. హైవే మీద స్పీడు అక్కర్లేదు. 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య లాగుడు కావాలి, అంతే.

కంప్రెషన్ 26, 25.5, 26, 24 బార్. ఆయిల్ తాగడం లేదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో సన్నగా నల్లపొగ వస్తుంది. థర్మోస్టాట్ లేదు, ఎప్పుడో తీసేశారు. టైర్లు ముందు 215/75 ఆర్15, ఇప్పుడు 31 అంగుళాలవి.

గాజువాక ఆటోనగర్‌లో రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, లారీ నుంచి తీసిన టర్బోకి పైపులు వెల్డింగ్ చేసి మానిఫోల్డ్ (నాలుగు సిలిండర్ల పొగ కలిసే గొట్టం) కట్టడం. రెండోది, బొలేరో డీఐ టర్బో ఇంజిన్ నుంచి మానిఫోల్డ్‌తో సహా తీసిన సెట్టు. పిస్టన్లు మార్చకుండా ఎంత బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) దాకా వెళ్లొచ్చు? ఇంటర్‌కూలర్ (ఆ నొక్కిన గాలిని చల్లబరిచేది) తప్పదా? డీజిల్ పంపు ముట్టుకోవాలా? ఆర్సీ రెన్యువల్‌కి ఇబ్బందా?

నాలుగు_లో

మాస్టారూ, లారీ టర్బో మాట మర్చిపోండి. లెక్క చూడండి. 2.523 లీటర్లలో సగం (ఫోర్ స్ట్రోక్ కదా), దాన్ని 3,200తో గుణించి అందులో 85 శాతం తీసుకుంటే నిమిషానికి 3,430 లీటర్ల గాలి. బరువులో దాదాపు 4 కిలోలు. 0.5 బార్ బూస్ట్‌తో 5 కిలోలు. అదీ టాప్ ఆర్‌పీఎంలో. మీరు అడిగే 1,500 దగ్గర అందులో సగం కూడా ఉండదు. ఐదారు లీటర్ల ఇంజిన్‌కి చేసిన టర్బైన్ ఆ కాస్త ఎగ్జాస్ట్‌తో తిరగదు. లాగుడు కావలసిన చోట అది సైలెన్సర్ దారికి అడ్డం తప్ప ఇంకేం కాదు. బండి మీద 'టర్బో' స్టిక్కర్ అంటించడానికి తప్ప పనికిరాదు.

ఇదే 2,523 సీసీ ఇంజిన్‌కి కంపెనీయే టర్బో పెట్టి 2010లో థార్ డీఐలో ఇచ్చింది. 3,200 దగ్గర 63 హెచ్‌పీ మాత్రమే, కానీ టార్క్ 182.5 న్యూటన్ మీటర్లు 1,500 నుంచి 1,800 లోపలే వచ్చేస్తుంది. మీకు కావలసింది సరిగ్గా అదే. కాబట్టి బొలేరో సెట్టే. పోత మానిఫోల్డ్ దొరకడం అందులో అసలు లాభం. మామూలు ఇనుప పైపులు కోసి అతికించిన మానిఫోల్డ్ ఎర్రగా కాగి చల్లారి, కాగి చల్లారి, టర్బో బరువుకి జాయింట్ దగ్గర పగులుతుంది. పగిలితే బూస్ట్ పోవడమే కాదు, ఆ వేడి గాలి ఎటు కొడుతుందో ఆ బ్రేక్ పైపు, ఆ వైరింగ్ కాలతాయి.

సెట్టు కొనేముందు చేత్తో చూడాల్సినవి. షాఫ్ట్‌ని పక్కలకి కదిపితే కొద్దిగా ఆడుతుంది, బుష్ బేరింగ్ టర్బోలో అది మామూలే. కానీ రెక్క హౌసింగ్‌కి తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు, ఉంటే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. కంప్రెసర్ రెక్కల అంచులు దుమ్ముకి అరిగి కత్తిలా పల్చబడ్డాయా, వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) రేకు చుట్టూ పగుళ్లున్నాయా, టర్బైన్ వైపు నల్లటి తడి ఉందా చూడండి. మానిఫోల్డ్ ముఖం మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెలుతురు కనబడితే మెషీన్ మీద సాపు చేయించండి. పాత గాస్కెట్ వాడొద్దు.

పిస్టన్ల సంగతి. మీ ఇంజిన్‌వీ, టర్బో ఇంజిన్‌వీ ఒకటేనని ఎవరి మాటా నమ్మకండి. ఇంజిన్ నంబర్లు రెండూ ఇచ్చి పార్ట్ నంబర్లు సరిచూడండి. వేరైతే, టర్బో లేని పిస్టన్ల మీద 0.5 బార్ దగ్గర ఆగండి. మీ కంప్రెషన్ ఫరవాలేదు, సిలిండర్ల మధ్య తేడా 2 బారే. 3 దాటితే మాత్రం టర్బో ఆలోచన పక్కనపెట్టి ముందు ఇంజిన్ విప్పాల్సిందే. ఇంకో చిన్న పరీక్ష: వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత వదులు చేసి పైన పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతుంటే రింగులు వదులైనట్టు. దాని మీద బూస్ట్ ఎక్కిస్తే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి టర్బో నుంచి ఆయిల్ దిగదు, సీళ్లు దాటి బయటికి వస్తుంది. అప్పుడు అందరూ టర్బోనే తిడతారు.

వేస్ట్‌గేట్‌ని తెరిచే యాక్చువేటర్ ఎంత ప్రెషర్ దగ్గర కదులుతుందో చేతి పంపు, గేజ్ పెట్టి బల్ల మీదే చూసుకోండి. రాడ్ 0.45 బార్ దగ్గర కదలడం మొదలైతే చాలు. బండికి ఎక్కించాక బూస్ట్ గేజ్ పైపుని ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచే తీసుకోండి, టర్బో నోటి దగ్గర కాదు. 0.5 పెట్టినా ఎక్కువ ఆర్‌పీఎంలో ముల్లు 0.7, 0.8కి పాకుతుంటే వేస్ట్‌గేట్ రంధ్రం చాలడం లేదని. దాన్ని పెద్దది చేయించాలి, స్ప్రింగ్ మెత్తబరిస్తే తగ్గదు.

ఇక ఆయిల్. టర్బోలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఫీడ్‌ని ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్న మెయిన్ గ్యాలరీ నుంచి టీ జాయింట్ పెట్టి తీయండి. బ్రేక్ వాక్యూమ్ పంపుకి వెళ్లే సన్న పైపు నుంచి తీయొద్దు, రెండింటికీ చాలదు, బ్రేకుతో ఆటలొద్దు. థ్రెడ్లకి టెఫ్లాన్ టేపు గానీ, ఫ్లాంజ్‌లకి సిలికాన్ గానీ వాడితే ముక్క ఊడి బేరింగ్ రంధ్రంలో ఇరుక్కుంటుంది. రాగి వాషర్లు చాలు. బుష్ బేరింగ్ టర్బో కాబట్టి ఫీడ్‌లో రెస్ట్రిక్టర్ అక్కర్లేదు.

ఫీడ్ కన్నా రిటర్న్ ముఖ్యం. టర్బో నుంచి దిగే ఆయిల్‌కి ప్రెషర్ ఉండదు, నురగలా తన బరువుతోనే దిగాలి. లోపలి కొలత 16 మి.మీ.కి తగ్గకూడదు, 19 అయితే మంచిది. ఎక్కడా పైకి లేవకూడదు, పాములా వంగి నిలవకూడదు, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి)లోని ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. సంప్ విప్పి పైపు బిగించే బాస్ వెల్డింగ్ చేయించి లోపల శుభ్రంగా కడిగి బిగించండి. బండి మీదే రంధ్రం కొడితే ఇనుప రజను మొదట ఆయిల్ పంపు జల్లెడకే చేరుతుంది.

పెద్ద పోస్టయింది. కూలింగ్, ఇంటర్‌కూలర్ సంగతి వేరేవాళ్లు రాస్తారనుకుంటా.

పంపు_బెంచ్

పంపు ఏ రకమో రాయలేదు మీరు. నాలుగు లైన్లూ పైన ఒక వరసలో నిలబడి ఉంటే ఇన్‌లైన్. ఒకే తల నుంచి గుండ్రంగా బయల్దేరితే రోటరీ. పని రెండిటికీ వేరు.

ముందొక మాట. డీజిల్ పెంచకుండా టర్బో మాత్రమే పెడితే పవర్ పెద్దగా రాదు. ఇప్పుడు వస్తున్న సన్న నల్లపొగ పోతుంది, అంటే వృథాగా పోయే డీజిల్ కాలుతుంది. ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది. మొదటి 500 కిలోమీటర్లు అలాగే నడపండి, లీకులు, ఆయిల్, టెంపరేచర్ అన్నీ కుదురుకున్నాక పంపు ముట్టుకోవచ్చు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడికన్నా పదో వంతు తక్కువ. టర్బో లేని బండికి పైకెళ్లేకొద్దీ పొగ ఎక్కువయ్యేది అందుకే. ఆ లోటు బూస్ట్ పూడుస్తుంది, పంపు కదపకుండానే ఘాట్‌లో తేడా తెలుస్తుంది.

డీజిల్ పెంచాలంటే ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ తప్పనిసరి. కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), టర్బోకి ముందు, నాలుగు దారులూ కలిసేచోట మానిఫోల్డ్‌లో 1/8 ఎన్‌పీటీ థ్రెడ్ కొట్టి బిగించాలి. టర్బో తర్వాత పెడితే తక్కువ చూపిస్తుంది, పైగా ఎంత తక్కువో లోడును బట్టి మారుతుంది, నమ్మలేం. మానిఫోల్డ్ విప్పి ఉన్నప్పుడే డ్రిల్ చేయించండి. పొగ చూసి ట్యూన్ చేస్తాం అనేవాళ్ల దగ్గర బండి వదలకండి. పొగ లేకుండానే పిస్టన్ తల కరిగే వేడి రావచ్చు.

హద్దు: ఘాట్‌లో నిలకడగా 650, ఓవర్‌టేక్ లాంటి కొద్ది సెకన్లకి 700 డిగ్రీలు. 720 కనబడితే కాలు తీసేయడమే. అల్యూమినియం పిస్టన్లకి కింద ఆయిల్ జెట్ కూలింగ్ ఉందో లేదో తెలియని ఇంజిన్‌కి నేనింతకన్నా పైకి చెప్పను.

రోటరీ అయితే వెనక ఫుల్ లోడ్ స్క్రూ ఉంటుంది. మొదట దాని పొడవు కాలిపర్‌తో కొలిచి రాసిపెట్టుకోండి. లాక్ నట్ వదులు చేసి లోపలికి ఎనిమిదో వంతు చుట్టు, అంతే. ఐడిల్ కొంచెం పెరుగుతుంది, దాన్ని దాని స్క్రూతో దించండి. సింహాచలం కొండ రోడ్డు మీద థర్డ్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి గేజ్ చూడండి. అలాగే ఇంకో ఎనిమిదో వంతు. అర చుట్టు దాటి వెళ్లొద్దు. మరీ లోపలికి తిప్పితే గవర్నర్ చేతి నుంచి జారి ఇంజిన్ తనంతట తనే పరుగెత్తే ప్రమాదం ఉంది. టర్బో రోటరీ పంపుకి తల మీద డయాఫ్రం ఉన్న బూస్ట్ కాంపెన్సేటర్ ఉంటుంది, బూస్ట్ వచ్చాకే డీజిల్ పెంచుతుంది. బొలేరో సెట్టుతో పాటు ఆ పంపు కూడా దొరికితే అదే తెచ్చుకోండి, బెంచ్ మీద క్యాలిబ్రేట్ చేయించి బిగించండి. తక్కువ ఆర్‌పీఎం నుంచి ఎక్కేటప్పుడు నల్లపొగ రాదు.

ఇన్‌లైన్ అయితే బండి మీద ఏదీ తిప్పొద్దు. నాలుగు ఎలిమెంట్లూ సమానంగా ఇవ్వాలి. బెంచ్‌కే తీసుకెళ్లండి, ఫుల్ లోడ్ డెలివరీ పది శాతం పెంచమని చెప్పండి, ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. నాజిళ్లు కూడా అప్పుడే చూపించండి. ఒక నాజిల్ కారుతూ ఉంటే ఆ సిలిండర్ ఒక్కటే మాడుతుంది, గేజ్ మాత్రం నాలుగింటి సగటే చూపిస్తుంది.

టైమింగ్ ముందుకి జరిపితే బాగా లాగుతుందని చెప్పేవాళ్లుంటారు. బూస్ట్ ఉన్న ఇంజిన్‌కి ఆ పని చేయకండి, సిలిండర్ ప్రెషర్ పెరిగి హెడ్ గాస్కెట్ లేచిపోతుంది. ఉన్నచోటే ఉంచండి, లేదా ఒక డిగ్రీ వెనక్కి.

తగరపువలస_తార్

నా అభిప్రాయం కాస్త వేరు. టైర్లు 31 అంగుళాలంటున్నారు. 215/75 ఆర్15 చుట్టుకొలత లెక్కన వ్యాసం 27.7 అంగుళాలు. అంటే గేరింగ్ 12 శాతం పొడవైంది. థర్డ్ నిలవకపోవడానికి సగం కారణం అదే అయ్యుంటుంది. టర్బోతో 20 శాతం టార్క్ తెచ్చినా అందులో సగానికి పైగా ఈ టైర్లే తినేస్తాయి. పాత సైజు టైర్లు ఎవరివైనా అడిగి వేసుకుని ఒకసారి అనంతగిరి ఎక్కి చూడండి. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్లు రెండూ, వాల్వ్ క్లియరెన్స్, నాజిళ్లు సరిచేశాక కూడా చాలకపోతే అప్పుడు టర్బో. ఖర్చులో పోలికే లేదు.

క్లచ్ కూడా చూసుకోండి. టాప్ గేర్‌లో 40 స్పీడు మీద ఒక్కసారిగా ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే ఇప్పుడే జారుతున్నట్టు. టర్బో పెట్టాక వారం నిలవదు.

ఘాట్‌రోడ్డు_మేజర్

అందరికీ ధన్యవాదాలు. పంపు రోటరీయే, తల మీద డయాఫ్రం లేదు. టైర్ల లెక్క ఆలోచించలేదు, కానీ బురద దారుల్లో ఆ ఎత్తు కావాలి, వెనక్కి వెళ్లను. క్లచ్ కొత్తది. ఎయిర్ క్లీనర్ పాత ఆయిల్ బాత్ డబ్బా, అది ఉంచొచ్చా? ఇంటర్‌కూలర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రేడియేటర్_రావు

ఆయిల్ బాత్ తీసేయండి. మామూలు ఇంజిన్‌కి ఫరవాలేదు గానీ టర్బో గాలి ఎక్కువ లాగుతుంది, ఏటవాలులో బండి ఒరిగినప్పుడు ఆ డబ్బాలో ఆయిల్ గాలితో పాటు లోపలికి పోతుంది. డీజిల్ ఇంజిన్‌కి ఆయిలూ ఇంధనమే, స్టాప్ లాగినా ఆగదు. బొలేరో టర్బో వాడే పేపర్ ఎలిమెంట్, దాని డబ్బాతో సహా వేసుకోండి. ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉన్న గొట్టం గట్టిదై ఉండాలి, మెత్తటి రబ్బరైతే వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. ఆ గొట్టంలో ఎక్కడ చిన్న చీలిక ఉన్నా మన్యం ఎర్రమట్టి దుమ్ము నేరుగా కంప్రెసర్ రెక్కల మీదికే. క్లిప్పులు రెండు నెలలకోసారి బిగించండి.

బ్రీదర్ పైపు (క్రాంక్‌కేస్ గాలిని బయటికి వదిలేది) మూసేయకండి. ఇన్‌టేక్‌కి కలపాలనుకుంటే మధ్యలో ఆయిల్ పట్టే డబ్బా పెట్టండి.

ఇంటర్‌కూలర్: 35 డిగ్రీల గాలిని 0.5 బార్‌కి నొక్కితే టర్బో నుంచి సుమారు 90 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. గాలి సాంద్రత అప్పటికే 27 శాతం పెరిగింది. ఇంటర్‌కూలర్‌తో 55కి దించితే 41 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ దాన్ని రేడియేటర్ ముందు పెడితే రేడియేటర్‌కి వేడి గాలి వెళ్తుంది, మీకు ఇప్పటికే ముల్లు ముప్పావు దాటుతోంది, ఫోర్ లో (ఫోర్ బై ఫోర్ నెమ్మది గేరు)లో ఐదు కిలోమీటర్ల స్పీడుకి ఎదురుగాలి అసలుండదు. 0.5 బార్‌కి వద్దు. ఎప్పుడైనా 0.8కి వెళ్లాలనిపిస్తే అప్పుడు, అదీ బానెట్ మీద స్కూప్, వెనక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి.

కూలింగ్‌కి అసలు పని థర్మోస్టాట్ తిరిగి వేయడం. దాన్ని తీసేస్తే చల్లగా నడుస్తుందనుకుంటారు మనవాళ్లు. బైపాస్ ఉన్న ఇంజిన్‌లో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఆ బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే చుట్టూ తిరిగొస్తాయి. చల్లటి ఉదయం ఇంజిన్ వేడెక్కదు, ఘాట్‌లో చల్లబడదు. 82 డిగ్రీలది వేయండి. రేడియేటర్ మూడు వరసలదైతే నాలుగు వరసల కోర్ కట్టించండి, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ తప్పనిసరి. సముద్రం పక్క ఊరు, రెక్కలు ఉప్పుగాలికి పొడిపొడిగా రాలుతుంటాయి, కోర్ లోపల కూడా తెల్లటి పొక్కులు కడుతుంది. కుళాయి నీళ్లు పోయొద్దు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

డౌన్‌పైప్ (టర్బో నుంచి సైలెన్సర్‌కి దిగే గొట్టం) రెండుంపావు అంగుళాలు, మధ్యలో బెల్లో (వంగే ముడతల గొట్టం), గేర్‌బాక్స్‌కి ఒక బ్రాకెట్. బరువు టర్బో మీద వేలాడకూడదు. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపులకి 50 మి.మీ. దూరం లేకపోతే మధ్యలో రేకు షీల్డు పెట్టండి. వాగు దాటేముందు ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఎర్రగా కాగిన పోత హౌసింగ్ మీద ఒక్కసారిగా నీళ్లు పడితే పగులుతుంది.

నాలుగు_లో

రావుగారితో ఏకీభవిస్తాను, ఒక్క బెల్లో విషయంలో తప్ప. బెల్లో టర్బోకి మరీ దగ్గరగా పెడితే ఆ వేడికి నిలవదు, మొదటి వంపు తర్వాత పెట్టండి.

మొదటి స్టార్ట్ ఎలాగో రాస్తున్నా. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, 15డబ్ల్యూ40, సీఐ-4 గ్రేడు. టర్బో ఫీడ్ రంధ్రంలో నూనె డబ్బాతో ఆయిల్ పోస్తూ షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. తర్వాత రోటరీ పంపు స్టాప్ సోలెనాయిడ్ వైరు పీకేసి, ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకోసారి ఆపి మోటారుకి విశ్రాంతి ఇవ్వండి. రిటర్న్ పైపు కింద చివర వదులు చేసి ఆయిల్ దిగుతోందని కళ్లారా చూశాకే వైరు పెట్టి స్టార్ట్ చేయండి. రెండు నిమిషాలు ఐడిల్, యాక్సిలరేటర్ తొక్కొద్దు. పక్కన ఒకరు గట్టి చెక్కపలక పట్టుకుని నిలబడాలి. ఇంజిన్ పరుగెత్తితే ఇన్‌టేక్ నోరు మూయడానికి. గుడ్డ గానీ చెయ్యి గానీ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది.

తర్వాత ఆయిల్ 5,000 కిలోమీటర్లకోసారి. ఘాట్ ఎక్కి ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్. నీలిపొగ వస్తే టర్బో విప్పకముందే రిటర్న్ పైపు, బ్రీదర్ చూడండి.

ఫైలు_నంబర్

ఆర్సీ గురించి ఎవరూ రాయలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో నమోదైన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఎక్కడో విడిగా తెచ్చిన టర్బో కూడా మార్పే. 2007 బండి కాబట్టి 15 ఏళ్లు నిండాక ఐదేళ్ల రెన్యువల్ మీద నడుస్తుంటారు, అంటే ఫిట్‌నెస్ తనిఖీ మళ్లీ ఉంటుంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, అనుమతి రాకపోతే రోడ్డు మీదికి తేవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చిన బండికి క్లెయిమ్ తిరస్కరించే వీలుంది.

పూర్తి ఇంజిన్ మార్పిడి అయితే ముందస్తు అనుమతి తప్పదు, ఆర్సీలో ఇంజిన్ నంబర్ ఎక్కాలి, పాత ఇంజిన్ కొన్న బిల్లు, దాని మూలం కాగితాలు కావాలి. తుక్కు దుకాణం చీటీ బిల్లు కాదు.

ఘాట్‌రోడ్డు_మేజర్

సరే, వరస ఇలా పెట్టుకుంటున్నా. థర్మోస్టాట్, రేడియేటర్ కోర్, నాజిళ్లు, వాల్వ్ క్లియరెన్స్ ముందు. అది చేసి ఘాట్ ఎక్కి, ఎగ్జాస్ట్ గేజ్ ఇప్పటి మానిఫోల్డ్‌కే బిగించి చూస్తా. ఈలోగా ఆర్టీవో అర్జీ. డయాఫ్రం ఉన్న పంపు విడిగా దొరికితే మన ఇంజిన్‌కి నేరుగా కూర్చుంటుందా?

పంపు_బెంచ్

ఫ్లాంజ్, షాఫ్ట్ టేపర్, తిరిగే దిశ మూడూ కలవాలి. పంపు ప్లేటు మీది నంబరు రెండిటివీ ఫొటో తీసి పెట్టండి. నంబరు చూడకుండా కొనకండి. ఇప్పుడే గేజ్ పెడుతున్నారు కాబట్టి టర్బో లేకుండా ఘాట్‌లో ఎంత చూపిస్తోందో రాసుకోండి. అదే 650 దాటుతుంటే మీ పంపు ఇప్పటికే ఎక్కువ డీజిల్ ఇస్తోంది, టర్బో వచ్చాక కూడా స్క్రూ ముట్టుకోవాల్సిన పని ఉండదు.